ఎర కూర

1. చింతచిగురు ఎర్రబడిన వారం, సోమవారం పొద్దున

ఈ చిట్టా నేను ముచ్చటపడి రాయడం లేదు. వేట నడిచినన్నాళ్ళూ రోజూ ఏం జరిగిందో రాసి ఉంచాలని గుట్ట సభ తీర్మానించింది. వేటగాళ్ళకు తీరిక లేదట. మీసాలు దువ్వుకోవడానికే పొద్దు చాలడం లేదట. అందుకని వంటమనిషికి అంటగట్టారు. వంటమనిషి చేతులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి కదా.

నా పేరు సక్కుబాయి. కంపెనీవాళ్ళు వదిలేసి పోయిన క్యాంటీన్‌లో గుట్ట మీది ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే పొయ్యి, ఆ పొయ్యి నాది. తాలింపు లేకుండా వండిపెట్టడం నా ఉద్యోగం. అవును, తాలింపు లేకుండానే. మా గుట్ట మీద ఆవాలు చిటపటలాడడం నేరం. వెల్లుల్లి వేగిన వాసన వస్తే సభ కూర్చుంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే చట్టం.

కారణం వనమిత్ర. పేరు వింటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అడవి పందుల్ని ఏరేయడానికని కంపెనీవాళ్ళు గాజు తొట్లలో పెంచి వదిలిన జంతువు అది. చిరుతంత ఒళ్ళు, కుక్కలాంటి మూతి, చీకటి పడితే తప్ప బయటికి రాని సిగ్గు. పందులు అయిపోయాక మిత్రుడు మేకల మీదికి వచ్చాడు. తర్వాత కుక్కల మీదికి వచ్చాడు. పోయిన వానల్లో, ఊరికి దిగే కిందిబాట మీద, మా గుట్టవాడు మోతీరాం మీదికి వచ్చాడు. పాపం, మోతీరాం చెప్పు ఒక్కటే దొరికింది. ఫిర్యాదు చేద్దామంటే కంపెనీ ఎప్పుడో దివాలా తీసింది.

వాటిని కూనలుగా ఉన్నప్పుడు ఈ క్యాంటీన్ వెనకాలే, మిగిలిపోయిన సాంబారన్నం పెట్టి పెంచేవారని మా అమ్మ చెప్పేది. ఆమె ఇక్కడే గిన్నెలు తోమింది. అందుకే తాలింపు వాసన ఎంత దూరాన ఉన్నా దాని ముక్కుకు తగులుతుంది. అందుకే చట్టం. ఇప్పుడు అదే చట్టాన్ని తిరగేసి, తాలింపునే ఎరగా వేసి దాన్ని కాల్చాలని సభ నిర్ణయించింది. తొట్లో పుట్టినది పిల్లల్ని పెట్టదని కంపెనీ చెప్పింది కాబట్టి, మిగిలింది ఒక్కటేనని వేట పెద్ద సోనేరావు లెక్క. గుట్ట మీద ఉన్న ఒకే ఒక్క తుపాకి ఆయనదే. కాబట్టి లెక్క కూడా ఆయనదే.

ఇంత హడావుడి ఎందుకంటే మా చెల్లెలు మైనాబాయి కోసం. దానికి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు ఈ గుట్ట మీదే అయింది. బిడ్డ అడ్డం తిరిగింది, దక్కలేదు, మైనా దక్కడమే గొప్ప. ఈసారి నొప్పులు రాకముందే కిందిఊరికి రావాలని డాక్టరమ్మ కబురు మీద కబురు పెడుతోంది. వెళ్ళాలంటే కిందిబాటే దారి. మోతీరాం పోయాక డోలీ మోసేవాళ్ళు ఒక్కటే మాట మీద ఉన్నారు: "దాని తోలు సూపెట్టుండ్రి, డోలీ ఎత్తుతం."

ఈ చిట్టాలో మిగతాదంతా కబుర్లు. అసలు విషయం ఇదొక్కటే. నాకు భయంగా ఉంది.

2. మంగళవారం పొద్దున

నిన్న సాయంత్రం నా జీవితంలో మొదటిసారి చట్టప్రకారం తాలింపు వేశాను. ఎర్రటి లేత చింతచిగురు దూసి తెచ్చి, నలిపి, కందిపప్పులో వేసి మెత్తగా ఉడికించాను. ఇప్పనూనె కాగాక ఆవాలు, ఎండుమిరప, దంచిన వెల్లుల్లి, వాగు పక్కన కోసుకొచ్చిన అడవి కరివేపాకు. పప్పులో పోయగానే బుస్సుమంది. గుట్టంతా ఘుమఘుమ. ఇళ్ళ గుమ్మాల్లోకి జనం వచ్చి నిలబడ్డారు. ఒక ముసలాయన ఏడ్చాడు. గర్వంతో నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఎర కూరను క్యాంటీన్ వెనక అరుగు మీద పెట్టాం. వేటగాళ్ళు ముగ్గురూ పైకప్పు మీద పొంచి ఉన్నారు. సోనేరావు, ఆయన తమ్ముడు తుకారాం, మూడోవాడు మా మరిది గంగారాం, అంటే మైనా మొగుడు.

తెల్లవారి వచ్చి చూస్తే కూర గంజు ఖాళీ. తోమినట్టు మెరుస్తోంది. అరుగు మీద జంతువు అడుగు ఒక్కటి లేదు. మనుషుల అడుగులు మాత్రం నిచ్చెన దాకా ఉన్నాయి. వేటగాళ్ళు పైన గుర్రు పెడుతున్నారు. తుకారాం మీసంలో ఆవగింజ ఉంది.

"ఏంది పటేలా, అది వచ్చిందా?" అని అడిగాను.

"రాలే. ఎర మంచిగున్నదో లేదో జర పరీక్ష చేసినం" అన్నాడు సోనేరావు, గంభీరంగా. "మంచిగనే ఉన్నది. రేపు గింత ఉప్పు తగ్గియ్యి."

3. గురువారం పొద్దున

నిన్న తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి వెళ్ళాను. మైనా వద్దంటే వినకుండా వెంటపడింది. అంత పొట్టతో వంగలేదు, అయినా ఏరకుండా ఉండలేదు. కూర్చుని జరుగుతూ ఏరింది. రాలిన పువ్వులు నేల మీద ముత్యాల్లా తెల్లగా ఉన్నాయి. నాలుగు బుట్టలో వేస్తే రెండు నోట్లో వేసుకుంది.

"అక్కా, మల్ల అట్లనే అయితదా?" అంది ఉన్నట్టుండి.

"ఏదే?"

"తెల్వనట్టు అడుగుతవేంది?"

నేను బుట్ట సర్దుకున్నాను. కాదే, ఈసారి కిందికి పోతావు, డాక్టరమ్మ ఉంటుంది అన్నాను. మరి డోలీ ఎప్పుడు ఎత్తుతారని అది అడగలేదు. 

ఆ పువ్వునే వండాను. పుప్పొడి దులిపి, కడిగి, ఆవిరి మీద ఉడికించి, వేయించిన నువ్వులు దంచి కలిపాను. పక్కన మామిడి పిందెల పప్పు, దానికి మళ్ళీ వెల్లుల్లి తాలింపు. ఎర అంటే జంతువుకు కదా, తీపి ఎందుకని సోనేరావు అడగలేదు. ఆయన ముందే చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు.

ఈసారి అది వచ్చింది. నిజంగానే వచ్చింది. నిచ్చెన కిందే కట్టేసి ఉన్న మేకను ఎత్తుకుపోయింది. మేక అరుపు నాకు ఇంట్లోకి వినిపించింది. దానికి సరిగ్గా పైన, కప్పు మీద ఉన్న ముగ్గురు మొనగాళ్ళకు వినిపించలేదు. కడుపునిండా ఇప్పపువ్వు తిన్నవాడి పక్కన పిడుగు పడినా అంతే. తుపాకిని గంగారాం తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

తెల్లవారి మరిదిని పట్టుకుని నిలదీశాను. "వాళ్ళంటే సరే, నీకేమొచ్చింది? కాన్పు ఎవల పెండ్లానికి?"

"వదినా, నీ మీద ఒట్టు, ఒక్క ముద్ద తిందామనే కూసున్న." కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. "నా చిన్నప్పటి సంది తాలింపు తిన్లే వదినా. ముద్ద నోట్లె పెట్టంగనే అన్నీ మర్సిపోయిన."

 మనిషి ఏడుస్తూ నా వంటను మెచ్చుకుంటుంటే ఎట్లా తిట్టాలో నాకు తెలియదు.

4. ఆదివారం

మధ్యలో కొన్ని సాయంత్రాల సంగతి రాయలేదు. రాయడానికి ఏముంది? మునగపువ్వు వేపుడు చేశాను, తిన్నారు. ఎర్రచీమల గుడ్ల పచ్చడి నూరి దానికీ తాలింపు పెట్టాను, తిన్నారు. గుట్టంతా గిన్నెలు పట్టుకుని 'వేటకు సాయం' అంటూ రావడం మొదలుపెట్టింది. ఎర కూర కాస్తా బంతి భోజనం అయింది. సోనేరావుకు పొట్ట వచ్చింది. వేట ఎన్నాళ్ళు సాగినా ఫరవాలేదని సభ పెద్దలు సెలవిచ్చారు, నోరు కడుక్కుంటూ.

నిజం చెప్పాలంటే తప్పు వాళ్ళది ఒక్కటే కాదు. రుచిగా వండొద్దు, వాసన వస్తే చాలు అని పొయ్యి ముందు కూర్చునే ముందు గట్టిగా అనుకుంటాను. కూర్చున్నాక చెయ్యి మాట వినదు. ఉప్పు చూస్తుంది, పులుపు చూస్తుంది, వెల్లుల్లి సరిగ్గా ఎర్రబడిన చోట దించుతుంది. పైగా అందరూ లొట్టలేస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది. పొగడ్త వింటే నాకు కడుపు నిండిపోతుంది.

ఇవాళ మైనా వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. కాళ్ళు వాచి ఉన్నాయి. నెమ్మదిగానే అంది.

"అక్కా, నీ చేతి కూర మంచిగుంటదని నేను సావాల్నా?"

అంతే అంది. గోడ పట్టుకుని వెళ్ళిపోయింది. నేను గరిటె కింద పెట్టాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

ఆ తర్వాత వాగు గట్టుకు వెళ్ళాను. అక్కడ చేదు నేలవేము మొలిచి ఉంటుంది. జ్వరానికి ఒక్క ఆకు కషాయం తాగిస్తేనే పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తారు. నేను ఒడినిండా కోసుకొచ్చాను.

5. సోమవారం పొద్దున

అయింది. అయిపోయింది. వరుసగా రాస్తాను.

నిన్న చింతచిగురు పప్పులో నేలవేము నూరి కలిపాను. పైన తాలింపు మాత్రం ఎప్పటికంటే ఘనంగా వేశాను. వాసనకు గుట్ట తల తిరిగింది. మొదటి ముద్ద సోనేరావుది, మర్యాద ప్రకారం. పెట్టుకున్నాడు. ముఖం వంకాయ రంగుకు తిరిగింది. తుకారాం ఊసి, ఊసి, నాలుకను పైపంచెతో తుడుచుకున్నాడు. గంగారాం వైపు చూశాను. వాడు ముద్ద మింగి, కళ్ళు మూసుకుని, లేచి వెళ్ళి నిచ్చెన ఎక్కాడు. అర్థమైందన్నమాట.

"గిదేం కూర సక్కుబాయి? మనుషులు తినేదేనా?" అని సోనేరావు కేకలు.

"మనుషులకు ఎవలు వండిన్రు పటేలా? ఎర గదా" అన్నాను.

ఆకలితో ఎవరికీ నిద్ర పట్టలేదు. కోపం వల్ల కూడా పట్టలేదు. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను. చీకటి బాగా చిక్కబడ్డాక అది అడవి అంచు నుంచి వచ్చింది. పొంచి రాలేదు, పాకుతూ రాలేదు. ఇంటికి వచ్చినట్టు నడిచి వచ్చింది. ముసలిది, వెనక కాలు కుంటుతోంది. గంజు మీద పడుతుందనుకున్నాను. పడలేదు. అరుగు ముందుకు వచ్చి, వెనక కాళ్ళ మీద కూర్చుని, కిటికీ వైపు తలెత్తి చూసింది. ఎవరైనా వడ్డిస్తారేమోనని.

సోనేరావు కాల్చాడు. కూర్చున్నదాన్ని కాల్చడం కష్టం కాదు, అయినా రెండు తూటాలు పట్టాయి. చెవి లోపల కంపెనీ నంబరు ఉంది. పళ్ళు చాలావరకు అరిగిపోయాయి.

గుట్టంతా ఈలలు వేసింది. నేనూ దండం పెట్టుకున్నాను, మైనా బతికిందని. కానీ అది తలెత్తి చూసిన చూపు నాకు నచ్చలేదు. ఇది సభకు అవసరం లేని సంగతి, అయినా రాస్తున్నాను.

6. మంగళవారం పొద్దున, ఇంకా పొయ్యి ముందే

చంపినదాన్ని తినాలి, తినలేనిదాన్ని చంపకూడదు. ఇది గుట్ట కట్టుబాటు. కట్టుబాటు పెట్టిన పెద్దలు వనమిత్ర మాంసం ఎప్పుడూ వండి చూసినట్టు లేరు. నిన్న పొద్దున పొయ్యెక్కించిన మాంసం పొద్దు వాలినా చెప్పుతోలులాగే ఉంది. పులుపుకు మెత్తబడుతుందని బుట్టెడు చింతచిగురు వేశాను. మామిడి పిందెలు వేశాను. ఇప్పపువ్వు కూడా వేశాను, ఏ దిక్కూ తోచక. సభ తాలింపు నిషేధాన్ని ఎత్తేసింది. శత్రువు నశించాడు, ఇక మన ఆవాలు మన ఇష్టం అని సోనేరావు ఉపన్యాసమిచ్చాడు. చప్పట్లు పడ్డాయి. డోలీ తెల్లవారి ఎత్తుతామన్నారు మోసేవాళ్ళు, విందు వదులుకోవడం ఎందుకని.

సరిగ్గా తాలింపు వేసే వేళకు మైనాకు నొప్పులు మొదలయ్యాయి. రావలసిన సమయం కాదు. గంగారాం పరుగెత్తుకొచ్చాడు. "వదినా, నీళ్ళు పోయినయ్!"

నా చేతిలో కాగిన నూనె ఉంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే గంజులో పోసేశాను. బుస్సుమంది. పొగ కొంచెం తేలిపోయాక అరుగు అవతల చూస్తే ఐదు కూర్చుని ఉన్నాయి.

ఐదు. మిగిలింది ఒక్కటేనన్న లెక్క గల పెద్దమనిషి నా వెనకాలే నిలబడి ఉన్నాడు. పిల్లలు పెట్టవని చెప్పిన కంపెనీకి కూడా నా నమస్కారాలు, ఎందుకంటే వాటిలో రెండింటి చెవుల్లో నంబరే లేదు. అయినా అవి కూడా గోడ వారగా, మిగతా మూడింటి పక్కన, వరుసలో కూర్చున్నాయి. తల్లులు నేర్పి ఉంటాయి. మా పెళ్ళిళ్ళలో మనుషులకే ఇంత క్రమం ఉండదు.

జనం ఇళ్ళలో దూరి తలుపులు వేసుకున్నారు. సోనేరావు తుపాకి ఎత్తాడు. నేను గరిటెతో గొట్టం మీద కొట్టాను.

"ఎన్ని తూటాలున్నయ్ పటేలా?"

"ఒకటి."

"ఒకటి కొడితే నాలుగు ఉరుకుతయ్. ఎటు ఉరుకుతయ్?"

ఆయన కిందిబాట వైపు చూశాడు. నేనూ అటే చూశాను. అప్పుడు తట్టింది. అవన్నీ ఇక్కడుంటే బాట మీద ఏవీ లేవు. ఇక్కడ ఉన్నంతసేపు లేవు.

"మరిదీ, డోలీ ఎత్తుండ్రి. ఇప్పుడే" అన్నాను. "నేను వడ్డిస్తనే ఉంట."

మోసేవాళ్ళు ఎత్తలేదు. అయితే నేను చెల్లెల్ని భుజాన వేసుకుని పోతాను, మీరు వచ్చి వీటికి వడ్డించండి అన్నాను. ఎత్తారు. నా పక్కనుంచి డోలీ పోతుంటే మైనా చెయ్యి చాపింది. నా చేతికి నూనె జిడ్డు. అయినా పట్టుకుంది. కిందిఊరి టవర్ మీద దీపం పెట్టిస్తానని గంగారాం అన్నాడు. చేరితే ఒకటి, తల్లీబిడ్డా క్షేమమైతే రెండు.

ఇక రాత్రంతా వడ్డన. మనుషుల పళ్ళకు లొంగని ఆ కూరను ఐదూ చప్పుడు చేయకుండా తిన్నాయి. అది ఎవరి మాంసమో నేను చెప్పలేదు. చెబితే మాత్రం నా చేతి కూర వదిలేవని నేననుకోను. గంజు ఖాళీ అయింది. పప్పు వండాను. తాలింపు వేశాను. పళ్ళెం ఖాళీ అయిన ప్రతిసారీ ఏదో ఒకటి అడవి వైపు తల తిప్పేది. నేను పోపు గరిటె పొయ్యి మీద పెట్టేదాన్ని, చిటపట వినగానే మళ్ళీ ఇటు తిరిగేది. నా ప్రాణం ఆవగింజల మీద ఆడుతూ ఉంది.

నాకు రెండు చేతులు చాలలేదు. "పటేలా, గా బకెట్ అందుకో" అన్నాను. తూటాకు పనిలేని వేట పెద్ద బకెట్ పట్టుకున్నాడు.  గోడకు వీపు ఆనించి, దేవుళ్ళందరి పేర్లూ తలుచుకుంటూ వడ్డించాడు.

"తుకారాం, చివరిదానికి అందలే చూడు."

"నువ్వే పెట్టు వదినా, అది నా దిక్కు చూస్తున్నది!"

"పెట్టకపోతే ఇంకా మంచిగ చూస్తది."

నడిమిజాము దాటాక నూనె అయిపోయింది. సోనేరావు తలుపు తలుపూ కొట్టి అడిగాడు. నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే: ఇచ్చారు. దీపం నూనె, తలకు రాసుకునే నూనె, దేవుడి ముందు నూనె, అన్నీ తలుపు సందులోంచి బయటికి వచ్చాయి. దాచుకున్న వెల్లుల్లి కూడా వచ్చింది. నిషేధం ఉన్నన్నాళ్ళూ ఇంత వెల్లుల్లి ఎందుకు దాచారని సభ విచారించుకోవచ్చు, నాకు అక్కర్లేదు.

తెల్లవారడానికి ఇంకా పొద్దుందనగా టవర్ మీద ఒక దీపం వెలిగింది. డోలీ చేరింది. తుకారాం అరవబోతే వాడి నోరు మూశాను. బాట మీద ఇక మా వాళ్ళు లేరు. వడ్డన ఆపేయొచ్చు. కానీ ఆపలేకపోయాను. ఆపితే రెండో దీపం వెలగదేమోననిపించింది. ఇది తెలివైన మాట కాదని నాకు తెలుసు. మరో పోపు వేశాను. మరొకటి. టవర్ వైపే చూస్తూ వేలు కాల్చుకున్నాను. తూర్పు తెల్లబడుతోంది. ఇంకొంచెం వెలుతురు వస్తే దీపాలు కనిపించవు.

అప్పుడు వెలిగింది రెండోది.

నేను పొయ్యి పక్కన కూలబడి ఏడ్చాను, ముక్కు చీదుకుంటూ, ఊరంతా వినేలా. తర్వాత ఎవరికైనా చెప్పాలనిపించింది. సోనేరావు బకెట్‌ను కౌగిలించుకుని నిద్రపోతున్నాడు. తుకారాం ఎటు పోయాడో లేడు. ఇళ్ళ తలుపులు మూసే ఉన్నాయి. దగ్గరలో మేలుకుని ఉన్నవి ఆ ఐదే.

"మా మైనాకు కాన్పయింది" అని వాటికే చెప్పాను. "ఇద్దరూ మంచిగున్నరు. నేను పెద్దమ్మనైన."

చెవిలో నంబరు లేని ఒక చిన్నది మాత్రం తలెత్తి నా వైపు చూసింది. మిగతా నాలుగూ ఖాళీ పళ్ళెం వైపే చూస్తున్నాయి.